కుక్క అన్నాన్ని నమలకుండా మింగేస్తుంటే ఏం చేయాలి

తట్ట కింద పెట్టీ పెట్టకముందే మూతి దూర్చి, నాలుగు గుక్కల్లో అన్నమంతా లోపలికి లాగేసి, తర్వాత ఖాళీ తట్టను నాకుతూ వసారా అంతా తోసుకుంటూ తిరిగే కుక్క మీ ఇంట్లో కూడా ఉందా? చాలామంది దాన్ని చూసి "మా వాడికి ఆకలెక్కువ" అని ముచ్చటపడి ఇంకో గరిటె వేస్తారు. ముచ్చటపడాల్సిన విషయం కాదండీ ఇది. అలాగని కేకలేసో, మధ్యలో తట్ట లాక్కునో మాన్పించగలిగేదీ కాదు. ఆ కుక్కకు తిండి దగ్గర కంగారుంది. ఆ కంగారు పోవడానికి కొంత కాలం పడుతుంది, అది పోయేదాకా దాని నోటికి ఒకేసారి పెద్ద ముద్ద అందకుండా మనం చూసుకోవాలి. మనకు కావాల్సినవి ఈ రెండే, కానీ రెండూ కలిసి జరగాలి, కింద చెప్పిన నాలుగు పనులూ వాటికోసమే. ఖరీదైన సామాను అక్కర్లేదు, మన కడప, కర్నూలు, అనంతపురం ఇళ్లలో వంటింట్లో ఉండేవాటితోనే జరిగిపోతుంది.

ఎంత వేగమైతే ఎక్కువ అనుకోవాలి

కుక్క మనలా మెత్తగా నమిలి తినే జంతువు కాదు. దాని పళ్లు చీల్చడానికి, విరవడానికి ఉన్నవి. మన ఎంగిట్లో పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ ఉంటుంది కదా, అది కుక్కకు దాదాపు ఉండదు. కాబట్టి కొంచెం గబగబా తినడం దాని స్వభావమే, దానికి టెన్షన్ పడొద్దు. కానీ పూట తిండి మొత్తం నిమిషం లోపే అయిపోతున్నా, తింటూ తింటూ దగ్గుతున్నా, తిన్న కాసేపటికే మెతుకులు మెతుకుల్లాగే కక్కి మళ్లీ దాన్నే తినేస్తున్నా, తిన్నాక పొట్ట ఉబ్బి తేన్పులు వస్తున్నా, మనిషి దగ్గరికి వస్తే తల ఎత్తకుండా ఇంకా వేగం పెంచుతున్నా జాగ్రత్త పడాల్సిందే. అన్నంతో పాటు గాలి కూడా మింగుతుంది, పెద్ద ముక్క గొంతుకు అడ్డం పడొచ్చు.

కక్కడంలో కూడా తేడా చూడండి. పొట్ట ఎగదన్నకుండా తిన్నది తిన్నట్టే నోట్లోంచి జారిపడితే అది సాధారణంగా వేగం వల్ల. పొట్ట ఎగదన్ని, సగం అరిగిన తిండో పసుపుపచ్చ నీళ్లో పడితే అది వాంతి, దానికి వేరే కారణం ఉండొచ్చు. ఏదైనా సరే రోజూ జరుగుతుంటే ఇంటి చిట్కాల దగ్గర ఆగకుండా డాక్టరుకు చూపించండి.

మొదటి పని: ఎందుకు అలా తింటోందో చూడండి

మన దగ్గర ఇళ్లలో పెరిగే కుక్కల్లో చాలా వరకు వీధిలోంచి తెచ్చుకున్న పిల్లలే. ఆరేడు పిల్లలు ఒకే తల్లి దగ్గర, ఒకే విస్తరాకు దగ్గర పోట్లాడుకుని పెరిగి ఉంటాయి, ముందు మింగినదానికే కడుపు నిండింది. ఆ భయం మీ ఇంటికొచ్చి పాలన్నం దొరికినంత మాత్రాన పోదు. అంగట్లో కొన్న జాతి కుక్కలకు కూడా ఇది ఉంటుంది, ఎందుకంటే అమ్మేవాళ్లు చాలామంది పిల్లలన్నిటికీ కలిపి ఒకే తట్టలో వేస్తారు. లాబ్రడార్ల సంగతి ఇంకొంచెం వేరు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో వాటి జన్యువుల్లో ఒక లోపాన్ని గుర్తించారు. ఆ లోపం ఉన్న లాబ్రడార్లకు తిండి మీద ఆశ ఎక్కువ, బరువు కూడా పెరుగుతాయి, దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో అది ఉంది. మీది లాబ్రడార్ అయితే "ఎంత పెట్టినా చాలట్లేదు" అనే మాటను నమ్మి పరిమాణం పెంచొద్దు.

ఇక ఒంట్లో ఉండే కారణాలు. కడుపులో నులిపురుగులుంటే ఎంత తిన్నా ఆకలి తీరదు, పొట్ట మాత్రం ఉబ్బి, ఎముకలు కనబడుతుంటాయి. చక్కెర జబ్బు ఉన్నా, దురదకని స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా ఆకలి విపరీతంగా పెరుగుతుంది. ఉన్నట్టుండి ఈ మధ్యనే వేగం మొదలైతే, లేదా బాగా తింటూనే బరువు తగ్గుతుంటే ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి విరేచనం పరీక్ష చేయించి, బరువు తూయించి, నులిపురుగుల మందు వేయించండి. పెద్ద కుక్కలకు సాధారణంగా 3 నెలలకోసారి ఆ మందు వేస్తారు, పిల్లలకు ఇంకా తరచుగా. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి మందుల అంగట్లో అడిగి మీరే వేయొద్దు.

పెట్టే తిండిలో సత్తువ లేకపోవడం కూడా ఒక కారణమే. నీళ్లపాలు కలిపిన అన్నమే మూడు పూటలా పెడితే అది త్వరగా అరిగిపోతుంది, మళ్లీ తట్ట కనబడగానే మీద పడుతుంది. ఉడికిన గుడ్డు, ఎముక తీసేసిన చికెన్, కొంచెం పెరుగు, ఉడికించిన గుమ్మడికాయ, ఇలాంటివి కలిస్తే ఆకలి నిలకడగా ఉంటుంది.

రెండో పని: పూటలు పెంచండి, పరిమాణం కాదు

రోజుకు ఒక్కసారే రాత్రిపూట ఇంట్లో మిగిలిందంతా వేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఇరవై నాలుగు గంటలు ఎదురుచూసిన కుక్క నెమ్మదిగా ఎలా తింటుంది? అదే తిండిని పెద్ద కుక్కకైతే రెండు పూటలుగా, మరీ ఆత్రపడేదానికి మూడు పూటలుగా విడగొట్టండి. పిల్లకైతే మూడు నాలుగు పూటలు. వేళ తప్పకూడదు. రోజూ ఒకే వేళకు తట్ట వస్తుందని తెలిసిన కుక్కకు సగం కంగారు అక్కడే తగ్గిపోతుంది.

మన ఎండల్లో వేళ ఇంకా ముఖ్యం. ఏప్రిల్, మేల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూ ఉంటుంది, ఆ సమయంలో తిండి పెడితే తిండితో పాటు గాలి కూడా ఎక్కువగా మింగుతుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఒకసారి, పొద్దు గుంకాక చల్లబడ్డాక ఒకసారి పెట్టండి. తిరిగొచ్చి రొప్పుతుంటే ముందు కొన్ని నీళ్లు ఇచ్చి, రొప్పడం పూర్తిగా ఆగాకే తట్ట పెట్టండి.

మూడో పని: ముద్ద చేయొద్దు, పరచండి

అసలు కిటుకు ఇదే, మిగతావన్నీ దీనికి తోడు మాత్రమే.

రాగి సంగటి తినేవాళ్లకు ఒక విషయం చెప్పనక్కర్లేదు, సంగటిని మనం కూడా నమలం, కూరలోనో పులుసులోనో అద్దుకుని మింగేస్తాం. కుక్కకు ముద్దలు చేసి వేస్తే అదీ అదే చేస్తుంది. పైగా సంగటి ముద్ద పైన చల్లారినట్టు కనిపించినా లోపల చాలాసేపు వేడిగా ఉంటుంది, ఆత్రంగా మింగే కుక్కకు గొంతు కాలుతుంది. కాబట్టి సంగటి పూర్తిగా చల్లారాక ఒక పెద్ద వెడల్పాటి తట్ట తీసుకుని, తడి చేత్తో పలచగా మెత్తినట్టు పరచండి, వేళ్లతో గట్టిగా నొక్కండి, పైన కొంచెం పెరుగు రాయండి. అది తట్టకు అతుక్కుని ఉంటుంది కాబట్టి నాకి నాకి తినాల్సిందే, నోటినిండా అందదు. అన్నం కూడా అంతే, పెరుగుతో మెత్తగా పిసికి అంచుల దాకా పరచండి. జొన్న రొట్టె అయితే చిన్న చిన్న తునకలు చేసి మజ్జిగలో నానబెట్టి పరచండి, పెద్ద ఎండు ముక్కలు వేస్తే గొంతులో పడతాయి.

పొంగనాల పెనం ఉంది కదా, ఇనుపది, గుంతలున్నది. ఈ పనికి దానంత బాగా కుదిరే వస్తువు నాకు ఇంకోటి కనబడలేదు. పెంపుడు జంతువుల అంగళ్లలో నెమ్మదిగా తినడానికని గుంతలు, గోడలు ఉన్న ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముతారు, అవీ మంచివే, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. కానీ తేలికపాటి గిన్నెను కుక్క మూతితో తోసి బోర్లించేస్తుంది, పెనమైతే బరువుకు కదలదు. పాత పెనం ఒకటి కుక్కకే కేటాయించి ఒక్కో గుంతలో కొంచెం కొంచెం అన్నం అదిమిపెట్టండి. ఒక గుంత ఖాళీ చేసి ఇంకో గుంతకు మూతి తిప్పేలోపు దానికి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. నాన్‌స్టిక్ పెనం మాత్రం వద్దు, పళ్లకు, గోళ్లకు ఆ పూత పెచ్చులూడి కడుపులోకి పోతుంది. పెద్ద మూతి ఉన్న కుక్కకు పొంగనాల గుంతలు మరీ చిన్నవవుతాయి, దానికి ఇడ్లీ రేకులు రెండు మూడు విడివిడిగా పరిచి పెట్టండి. రేకు కదలకుండా కింద తడిపిన గోనెసంచి వేస్తే చాలు.

ఇవేవీ లేకపోతే వెడల్పాటి తట్ట మధ్యలో బరువైన స్టీలు గిన్నె బోర్లించి, దాని చుట్టూ అన్నం వేయండి. కుక్క గిన్నె చుట్టూ తిరుగుతూ తినాల్సి వస్తుంది. కొందరు తట్టలో రాళ్లు వేయమంటారు, నాకది నచ్చదు. చిన్న రాయైతే మింగేస్తుంది, పెద్ద రాయి మీద ఆత్రంగా కొరికితే పన్ను విరుగుతుంది.

పొడి గుళికల తిండి పెట్టేవాళ్లకు పని ఇంకా సులువు. వసారాలో కడప బండలో బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి కదా, నీడలో ఉన్న చోట శుభ్రంగా కడిగి, ఆరాక, విత్తనాలు చల్లినట్టు గుళికలు దూరం దూరంగా చల్లండి. కుక్క వాసన చూసుకుంటూ ఒక్కొక్కటే ఏరుకుంటుంది, దాని ముక్కుకు, బుర్రకు పని దొరికి తిన్నాక హాయిగా పడుకుంటుంది. కానీ ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద మాత్రం చల్లొద్దు, ఫినాయిల్ కుక్కలకు విషం. మొదట్లో మరీ కంగారుపడితే చేటలో చల్లి అలవాటు చేయండి. ఉప్పు, కారం, పసుపు ఏమీ కలపని ఉత్త బొరుగులు గుప్పెడు కలిపితే ఏరుకునే పని పెరుగుతుంది, తిండి పెద్దగా పెరగదు.

ఎండాకాలంలో ఇంకో పద్ధతి. పెరుగన్నాన్ని పలచటి స్టీలు డబ్బా మూతలో అర అంగుళం మందాన పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. కాస్త గట్టిపడ్డాక ఇస్తే చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది, ఒంటికి చల్లగా కూడా ఉంటుంది. రాయిలా గడ్డకట్టనివ్వద్దు, డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే ఇవ్వొద్దు, నాలుక లోహానికి అతుక్కుంటుంది. రెండు నిమిషాలు బయట ఉంచి ఇవ్వండి.

నాకించడానికి వేయించిన చెనిక్కాయలు మెత్తగా నూరి తట్టకు రాయొచ్చు, కానీ ఒక చెంచా మించకూడదు, నూనె ఎక్కువ. ఊరిబిండి మాత్రం పెట్టొద్దు, దాంట్లో ఉప్పు, కారం, తెల్లగడ్డ ఉంటాయి. బూజు పట్టిన చెనిక్కాయలు మనుషులకు పనికిరావు కదా అని కుక్కకు వేయడం చూస్తుంటాం, ఆ బూజులో పుట్టే విషం కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది, ప్రాణం కూడా పోతుంది. అంగట్లో కొనే పీనట్ బటర్ అయితే సీసా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వేసే తీపి పదార్థం, కుక్కలకు విషం) అని ఉందేమో చదవండి, ఉంటే అస్సలు వద్దు. ఆబగా మింగే కుక్క వాసన చూసి వదిలేయదు కాబట్టి ఈ జాగ్రత్త దానికి రెట్టింపు అవసరం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేసిన కూర, పులుసు, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు, మామిడి టెంక, ఇవి దాని తట్టలోకి గానీ అది అందుకునే చోటికి గానీ రాకూడదు. నాటుకోడి పులుసు వండే రోజు మసాలా వేయకముందే నాలుగు ముక్కలు పక్కన ఉడికించి, ఎముక తీసి ఉంచండి.

నాలుగో పని: తిండి ఎక్కడికీ పోదని దానికి తెలియాలి

తట్ట మారిస్తే నోరు నెమ్మదిస్తుంది, మనసు నెమ్మదించడానికి ఇది. మొదటి వారం పది రోజులు తిండిలో సగం మీ చేత్తో తినిపించండి. అరచెయ్యి చాపి దాంట్లో కొంచెం పెట్టండి, వేళ్లతో పట్టుకుని అందిస్తే వేళ్లు కూడా నోట్లోకి పోతాయి. దూకితే చెయ్యి మూసేయండి, తిట్టొద్దు, మాట్లాడొద్దు. అది మెల్లబడి వెనక్కి జరిగిన క్షణంలో చెయ్యి తెరవండి. కొద్ది రోజుల్లోనే ఆగితే దొరుకుతుందని దానికి అర్థమవుతుంది.

తర్వాత తట్టతో అదే పని. తట్ట చేత్తో పట్టుకుని "ఆగు" అనండి. అది కూర్చునో నిలబడో కదలకుండా ఉంటే తట్ట కిందికి దించండి, మీదికి వస్తే మళ్లీ పైకెత్తండి. నేలకు తాకాక ఒక్క క్షణం ఆగి "తిను" అనండి. మొదట ఒక్క క్షణమే, మెల్లగా పెంచండి, మరీ ఎక్కువసేపు ఆపి ఏడిపించొద్దు, ఆత్రం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి. నాన్న "ఆగు" అని, అవ్వ "ఉండు" అని, పిల్లలు "స్టే" అని అంటే దానికి ఏదీ అర్థం కాదు.

తింటున్నప్పుడు తట్ట లాక్కుని చూడటం, తిండిలో చెయ్యి పెట్టి కెలకడం, "మా కుక్క ఏమీ అనదు" అని చుట్టాలకు చూపించడం దయచేసి మానేయండి. దానికి ఉన్న భయం నిజమేనని మీరే నేర్పుతున్నట్టు అవుతుంది. దానికి బదులు తింటుండగా కొంచెం దూరం నుంచి వెళ్తూ ఒక ఉడికిన గుడ్డు ముక్కో చికెన్ ముక్కో తట్టవైపు వేసి మీ దారిన మీరు వెళ్లిపోండి. మనిషి వస్తే తిండి పెరుగుతుందని అది నమ్మడం మొదలుపెట్టాక తల ఎత్తి మిమ్మల్ని చూస్తుంది, తోక ఊపుతుంది, వేగం దానంతటదే తగ్గుతుంది.

తట్ట దగ్గర గుర్రుమంటే కొట్టొద్దు, ఆ శబ్దం ఒక హెచ్చరిక, హెచ్చరించడం మాన్పిస్తే హెచ్చరించకుండా కరుస్తుంది. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్ల సాయం తీసుకోండి. పొరపాటున కరిస్తే సొంత కుక్కే కదా అని ఊరుకోవద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు కుక్కలుంటే వేరు వేరు గదుల్లో, లేదా మధ్యలో తలుపు వేసి పెట్టాలి. ఒకదానికొకటి కనబడితే ఎన్ని పెనాలు మార్చినా పోటీ ఆగదు. గేటు బయట వీధి కుక్కలు చూస్తుండగా లోపల తట్ట పెట్టడం కూడా అలాంటిదే, ఇంటి వెనక పెట్టండి.

తిన్నాక ఒక గంట, పెద్ద జాతులకు తప్పనిసరిగా

జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు ఒక ప్రమాదం ఉంది. పొట్ట గాలితో ఉబ్బి, మెలిపడిపోతుంది, రక్తం ఆడదు, గంటల్లో ప్రాణం పోతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెద్ద కుక్కల మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో వేగంగా తినేవాటికి, ఎత్తు మీద పెట్టిన గిన్నెలో తినేవాటికి ఈ ముప్పు ఎక్కువని తేలింది. అందుకే వంగితే మెడ నొప్పి పుడుతుందని పీట మీద గిన్నె పెట్టే అలవాటుంటే, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప, దించేయండి. తిన్నాక గంట సేపు పరుగులు, ఆటలు, బండి వెనక ఉరకడం లేకుండా చూడండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, అప్పుడే తిన్నాక చెంబెడు నీళ్లు ఒకేసారి లాగే కుక్కైతే కొంచెం కొంచెంగా పోయండి.

పొట్ట ఉబ్బి గట్టిపడటం, వాంతికి ఎగదన్నుతున్నా ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒక చోట నిలవలేక తిరగడం, చిగుళ్లు తెల్లబడటం, ఇవి కనిపిస్తే సోడా, జీలకర్ర నీళ్లు, ఈనో ఏమీ పోయొద్దు, పొట్ట నొక్కొద్దు, పొద్దున చూద్దాం అని పడుకోవద్దు. దీనికి ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గర్లో ఎవరున్నారు, రాత్రిపూట ఉంటారా అన్నది ఈ రోజే కనుక్కుని నంబరు ఫోన్లో పెట్టుకోండి. కడప జిల్లా వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ ఏ వేళల్లో చూస్తారో ముందే అడిగి ఉంచుకోండి. బయల్దేరేటప్పుడు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి.

ఎన్నాళ్లు పడుతుంది

ఫోన్లో టైమర్ పెట్టి తట్ట దించిన దగ్గర్నుంచి ఖాళీ అయ్యేదాకా చూడండి. నిమిషం పట్టేది ఐదు నిమిషాలకు వస్తే చాలా మంచి మార్పు, పది నిమిషాలైతే ఇంకేం కావాలి. పెనంతో మొదటి రోజే తేడా కనబడుతుంది, కంగారు తగ్గడానికి మాత్రం వారాలు, వీధిలో బాగా ఆకలికి మాడిన కుక్కకైతే నెలలు పట్టొచ్చు. కొన్ని తెలివైనవి పెనం కిటుకు పట్టేసి మళ్లీ వేగం పెంచుతాయి, అప్పుడు ఒక వారం పెనం, ఒక వారం బండ మీద చల్లడం, ఇంకో వారం ఇడ్లీ రేకులు, ఇలా మారుస్తూ ఉండండి. మరీ విసిగిపోయి తిండి వదిలేసి పక్కకు వెళ్తుంటే కష్టం ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు తగ్గించండి. పెనం, రేకులు పూటపూటకూ కడగాలి, గుంతల్లో మిగిలిన పెరుగన్నం మన ఎండకు గంటల్లోనే పులిసి చీమలు పడుతుంది.

ఊరెళ్లేటప్పుడు కుక్కను పక్కింటివాళ్లకో చుట్టాలకో అప్పగిస్తే పెనం కూడా ఇచ్చి వెళ్లండి, "ఆగు", "తిను" మాటలు చెప్పండి, అది ఎంత బతిమాలినట్టు చూసినా ముద్దలు చేసి వేయొద్దని, తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లొద్దని చెప్పి మరీ వెళ్లండి.